చింపిన టికెట్టు

నూకరత్నం తెల్లారకముందే డ్యూటీకెళ్ళిపోయింది.
గాజువాక డిపో, నాలుగూ పది బండి.
వంటింటి గోడకి కాగితం అంటించి ఉంది,
ఆమె చేతిరాత, నడిచే బస్సులో రాసినట్టు
ఒక్కో అక్షరం ఒక్కో గతుకు.

ఎండు నెత్తళ్ళూ వంకాయ పులుసు. ఇద్దరికి.
ఇద్దరికి అన్నమాట కింద రెండు గీతలు.

ప్రతి వరుస పక్కనా గుండుసూదితో ఒక పాత టికెట్టు:
మిషన్లొచ్చాక డిపోలో పారేస్తుంటే తెచ్చుకున్న కట్టల్లోంచి,
గులాబీవి, పసుపువి, రూపాయిన్నరవి.
పని అయిందా, చింపు.
చింపిన టికెట్టు మళ్ళీ చెల్లదు, అంది.
నేను ప్యాసింజరులా తలూపాను.

ఒకటి. నెత్తళ్ళ తలలు తుంచి వేడినీళ్ళలో వెయ్యి.
చింపాను.
రెండు. చింతపండు నానెయ్యి, నిమ్మకాయంత.
నిమ్మకాయ ఎంతుంటుందో తెలుసు. చింపాను.

కంచరపాలెం మెట్టు దగ్గర ఆటో పల్టీ కొట్టి
రెండేళ్ళయిందట.
నా సంగతులన్నిటి వెనకా ఇప్పుడు
ఈ "అట" ఒకటి తోకలా వేలాడుతుంది.
షిప్‌యార్డు కాంటీన్లో ఇరవై ఆరేళ్ళు వండాను.
ఇది మాత్రం అట కాదు.
మూడొందల మందికి సాంబారు,
సైరన్ మోగేసరికి బల్లల మీద పొగలు.
ఆ సైరను ఇప్పటికీ మల్కాపురంలో మా ఇంటిదాకా వస్తుంది.
వినపడగానే ఒళ్ళు లేచి నిలబడుతుంది,
ఎవరికో ఆలస్యమైపోతున్నట్టు.

చెయ్యి మర్చిపోదులే అంటారు చూడ్డానికొచ్చినవాళ్ళు.
నిజమే. మర్చిపోలేదు.
అదే వచ్చిన చిక్కు.
ఉప్పు డబ్బాలోకి వెళ్ళిన చెయ్యి
గుప్పెడు నింపుకుని పైకొస్తుంది,
మూడొందల మందికి.
కాగితం దాని మణికట్టు పట్టుకోవాలి:
ఒక చెంచా, అప్పలకొండా. ఇద్దరమే.

ఆరు. పులుసు మరిగాక ఉప్పు.
టికెట్టు లేదు.
సూది ఉంది, సూదికి గులాబీరంగు కొస ఉంది.
నేను చింపానా, ఫ్యాను గాలి చింపిందా?
నేల మీద వెతికాను. గట్టు కింద వెతికాను.
కాంటీన్లో రుచి చూడ్డమంటే నామోషీ నాకు,
వాసన పట్టి చెప్పేసేవాణ్ణి, కుర్రాళ్ళు కథలుగా చెప్పుకునేవారు.
ఇక్కడ వాసనంటే సముద్రం, దాని మీద రిఫైనరీ.
గ్యాసు లీకేమోనని రోజూ కిటికీలు తెరుస్తాను,
తెరిచి ఆ రిఫైనరీనే ఇంకాస్త లోపలికి పిలుస్తాను.

చెంచాతో తీసి నాలిక మీద వేసుకున్నాను.
తర్వాత సింకులో చూస్తే మూడు చెంచాలు,
మూడింటికీ పులుసు అంటుకుని.
మూడుసార్లు చూశానన్నమాట.
చూసి ఏమనుకున్నానో చెంచాలు చెప్పవు.
నాలుగోది తీశాను. చప్పగా ఉంది.
వేశాను. "ఒకటి" అని పైకే అన్నాను.
గోడవతల నుంచి కృపావతి "ఏటి బావా?" అంది.
"ఉప్పు" అన్నాను. సాక్షి ఉండాలి.

తొమ్మిది. స్టవ్ కట్టెయ్. కట్టేసి, చేత్తో ముట్టుకుని చూడు.
ఈ టికెట్టు చింపకు. జేబులో పెట్టుకో.

మూడింటికి డ్యూటీ దిగి వచ్చి
సంచీ అయినా దించకుండా
నా చొక్కా జేబు తడిమింది, చెకింగువాడిలా.
టికెట్టు ఉంది.
అప్పుడు కాళ్ళు కడుక్కుంది.

ఒక ముద్ద తిని, ఉప్పు కాస్త తగ్గినట్టుంది, అంది.
నాకు ఎక్కణ్ణుంచో ఒక మాట వచ్చింది:
తక్కువైతే వేసుకోవచ్చు రత్నం, ఎక్కువైతే తియ్యలేం.
అన్నాక చాలా బావుందనిపించింది,
ఎక్కడైనా రాసిపెట్టుకోవాలనిపించింది.

నిన్నా ఇదే అన్నావు, అంది. మొన్నా.

ఏమో. నాకు మాత్రం ఇప్పుడే తట్టింది.

ఆమె చిటికెడు వేసుకుంది.
నా కంచంలోనూ వేసింది.